కలపడం కల్తీ కాదు, మహాప్రభో!

ఈమధ్య మనవాళ్లలో ఒక కొత్త వర్గం బయలుదేరింది. వీరికి ఏది చూసినా "ప్యూర్" కావాలి. నెయ్యి ప్యూర్, తేనె ప్యూర్, పట్టు ప్యూర్. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. నేతిలో వనస్పతి కలిపేవాణ్ణి నేనూ నాలుగు తిట్లు తిడతాను. కాని ఈ ప్యూరు పిచ్చి ముదిరి ముదిరి ఇటలీవాళ్ల ఎర్ర వైను దాకా పాకింది. అక్కడే నాకు ఒళ్లు మండుతోంది.

మొన్నామధ్య హైదరాబాదులో ఓ పెద్ద హోటల్లో విందుకు వెళ్లాను. విందు ఇచ్చినాయన పదేళ్లు అమెరికాలో ఉండి వచ్చిన మిత్రుడు. సూటూ బూటూ వేసుకున్న కుర్రాడొకడు ఎర్ర వైను సీసాను పురిటిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా తెచ్చి, మా మిత్రుడి చెవి దగ్గర వంగి, "సింగిల్ గ్రేప్ సార్. బ్లెండ్ కాదు" అన్నాడు. ఆ "బ్లెండ్ కాదు" అన్నప్పుడు వాడి ముఖంలో ఎంత పవిత్రత తాండవించిందనుకున్నారు! గర్భగుడిలోంచి హారతిపళ్లెం తెచ్చే పూజారి కూడా అంత గంభీరంగా ఉండడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ "ఆహా" అన్నారు. "బ్లెండ్ అయితే ఏం నాయనా?" అన్నాను నేను. అంతే, అందరూ నావైపు ఎలా చూశారంటే, ఆ హోటల్లో నేను గోంగూర పచ్చడి అడిగినట్టు చూశారు.

వాడు పాపం నాకు జవాబు చెప్పలేదు. ఆ జవాబు నేనే రాద్దామని ఇలా కూర్చున్నాను.

మీలో కొందరికి ఇప్పటికే కోపం వచ్చి ఉంటుంది. నలుగురూ చదివే పత్రికలో ఈ తాగుడు గోలేమిటని. న్యాయమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కొంగు బిగించి సారా అంగళ్లు మూయించిన నేల మనది. మద్యంలో ఏ కొంచెమూ క్షేమకరం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా శాఖ 2023లో తేల్చి చెప్పింది కూడా. మిమ్మల్ని తాగమని చెప్పడానికి నేనిది రాయడం లేదు. తాగకుండా కూడా దీని గురించి పోట్లాడుకోవచ్చు. బ్యాటు పట్టుకోవడం రానివాళ్లందరం క్రికెట్టు గురించి గొంతు చించుకోవడం లేదూ? పైగా ఈ తగాదా వైనుతో ఆగేది కాదు. ఏది కలపడం, ఏది కల్తీ అన్న ప్రశ్న మన వంటింట్లో రోజూ ఎదురయ్యేదే.

మొదట ఈ ఇటలీ ఎర్ర వైను స్వభావం ఏమిటో చెప్పుకుందాం. దీనిమీద ఇంగ్లీషులో బస్తాలకొద్దీ పుస్తకాలు వచ్చాయి. చెర్రీపండు వాసన అంటారు, తోలు వాసన అంటారు, తారు అంటారు, వాడిన గులాబీ అంటారు. ఉండొచ్చు. నా మట్టుకు నాకు రెండు తెలుగు మాటలు చాలు: పులుపు, వగరు. లాంబ్రుస్కో వంటి నురగ వైన్లు, సిసిలీలో దొరికే తేలికపాటి రకాలు కొన్ని పక్కన పెడితే, ఆ దేశపు ఎర్ర వైన్లలో పేరున్నవాటికి ఈ రెండే వెన్నెముక. ఫ్రాన్సువాడి వైనుకు ఒక నున్నదనం ఉంటుంది, కాలిఫోర్నియావాడి దానికి ఒక తీపి పోకడ ఉంటుంది. ఇటలీవాడిది నోట్లో పడగానే "నాతోపాటు అన్నం ఏదీ?" అని అడుగుతుంది. ఉత్తినే తాగేది కాదది. కంచం పక్కన ఉండాల్సింది.

వగరు అన్న మాట ఉన్న భాషవాళ్లం కనక మనకు ఇది చప్పున అర్థమవుతుంది. వైనుద్రాక్ష మనం తినే ద్రాక్ష లాంటిది కాదు. హైదరాబాదు పందిళ్లలో ఒకప్పుడు గుత్తులు గుత్తులుగా వేలాడిన అనాబ్-ఎ-షాహీని చూసిన కంటికి అది అసలు ద్రాక్షలాగే కనబడదు. చిన్నకాయ, మందపు తొక్క, నోటినిండా గింజలు. ఆ తొక్కలోనూ గింజలోనూ టానిన్లనే పదార్థాలుంటాయి. అవి నోట్లోకి రాగానే ఉమ్మిలో ఉండే ప్రొటీన్లను పట్టుకుంటాయి. దాంతో నాలుకకు జారుడు పోయి గరుకెక్కుతుంది. నేరేడుపళ్లు తిన్నప్పుడూ, పచ్చి అరటికాయ కొరికినప్పుడూ, పొయ్యిమీద మరిచిపోయిన టీ డికాషన్ తాగినప్పుడూ జరిగేది ఇదే. ఆ డికాషన్లో కాసిని పాలు పోయగానే వగరు ఎందుకు తగ్గుతుంది? టానిన్లు మన ఉమ్మిని వదిలేసి పాల ప్రొటీన్ల వెంట పడతాయి కనక. టస్కనీ రైతు తన వగరు వైను పక్కన మాంసం ముక్కో, గొర్రెపాల ఛీజు ముక్కో పెట్టుకోవడంలో కిటుకు కూడా ఇంతే. వాడికి రసాయనశాస్త్రం రాదు, మన అమ్మమ్మలకు వచ్చిందా ఏమిటి!

ఇక అసలు విషయానికి వస్తాను. టస్కనీలో రాజ్యమేలే ద్రాక్ష పేరు సాంజోవేసే. మంచి వాసన, బోలెడు పులుపు, కావలసినంత వగరు. కాని రంగు పలచన. ఆలస్యంగా పండుతుంది. కోతల వేళకు వానలు పట్టుకుంటే రైతు నెత్తిన చెయ్యి పెట్టుకోవాల్సిందే. అందుకని అక్కడివాళ్లు తరతరాలుగా దాని పక్కనే కనాయోలో అని ఒకటి, కొలొరీనో అని ఒకటి వేసుకున్నారు. కనాయోలో సాంజోవేసే మొండితనాన్ని మెత్తబరుస్తుంది. కొలొరీనో, పేరులోనే ఉన్నట్టు, రంగు ఇస్తుంది. అన్నీ ఒకేసారి పండవు కనక ఒకటి దెబ్బతిన్నా మరొకటి నిలబడుతుంది. మనం చింతపండు పులుసులో చిన్న బెల్లంముక్క వేస్తాం. ఎవరైనా "ఛీ, పులుసులో బెల్లం కల్తీ చేశారు" అంటారా? అంటే వాడికి ఆ పూట పులుసు పెట్టకూడదు.

దీన్ని శాస్త్రోక్తంగా తేల్చినవాడు బెత్తీనో రికాసోలి అనే జమీందారు. సామాన్యుడు కాదు. ఇటలీ ఒక్కటైన కొత్తలో రెండుసార్లు ప్రధానమంత్రిగా చేసినవాడు. ప్రధాని పదవి అయ్యాక మళ్లీ తన బ్రోలియో కోటలో కూర్చుని ద్రాక్షల మీద పడ్డాడు. మన నాయకులకు కూడా పదవి పోయాక ఇలాంటి వ్యాపకం ఏదైనా ఉంటే దేశం ఎంత సుఖపడేదో! సరే. ఆయన 1872లో పీసా విశ్వవిద్యాలయంలోని ఒక ప్రొఫెసరుకు ఉత్తరం రాస్తూ తన ప్రయోగాల సారం చెప్పాడు. సాంజోవేసే వైనుకు వాసననూ బలాన్నీ ఇస్తుంది. కనాయోలో దాని గట్టితనాన్ని తగ్గిస్తుంది. మాల్వాజియా అనే తెల్లద్రాక్ష కలిపితే వైను తేలికై రోజూ భోజనంలోకి పనికొస్తుంది. అయితే ఏళ్ల తరబడి నిలవబెట్టే వైనులో మాత్రం ఆ తెల్లద్రాక్ష వేయవద్దు. చూశారా, ఎంత చక్కని వంటమనిషి లెక్కో! ఏది ఎందుకు వేయాలో, ఎప్పుడు వేయకూడదో.

తర్వాత ఏం జరిగిందో వినండి. 1967లో కియాంతి వైనుకు ప్రభుత్వం నిబంధనలు కట్టింది. అందులో తెల్లద్రాక్ష కనీసం నూటికి పదిపాళ్లు, ముప్ఫైపాళ్ల దాకా కలిపి తీరాలని రాశారు. దొరగారి ఉత్తరంలో మొదటి సగం చదివి రెండో సగం మరిచిపోయారన్నమాట! అందులోనూ మాల్వాజియా ఒక్కటే అయితే సరిపోయేది. ట్రెబ్బియానో అని ఇంకో తెల్లద్రాక్ష ఉంది. విరగకాస్తుంది, రుచి మాత్రం కడుగునీళ్లు. అప్పటిదాకా అక్కడి సేద్యం చాలావరకు సగపాలు పద్ధతి. పంటలో సగం ఆసామికి, సగం రైతుకు. ద్రాక్షతీగలు గోధుమచేల మధ్య, ఆలివుచెట్ల మధ్య పాకేవి. ఎక్కువ కాసేది ఏదైతే అదే కడుపు నింపేది కనక ట్రెబ్బియానో విస్తారంగా పెరిగింది. పొలంలో ఉన్నదాన్ని చట్టంలో ఎక్కించేశారు. ఫలితం ఏమిటంటే, గడ్డి అల్లిన బొజ్జసీసాలో నీళ్లనీళ్లగా ఉండే కియాంతి లోకమంతా తిరిగి ఆ ఊరి పేరు పాడుచేసింది. ఆ బొజ్జసీసా పేరు ఏమిటో తెలుసా? ఫియాస్కో!

కడుపు మండినవాళ్లు తిరగబడ్డారు. పియెరో అంతినోరి అనే ఆయన 1971 పంటతో తిన్యనెల్లో అని ఒక వైను చేశాడు. 1975 నాటికి అందులో తెల్లద్రాక్ష పూర్తిగా మానేసి, సాంజోవేసేకు తోడుగా ఫ్రెంచి ద్రాక్ష కాబెర్నే సావిన్యో చేర్చాడు. ఆయనకు తోడు నిలిచిన నిపుణుడు జాకొమో తాకిస్. చట్టం దృష్టిలో ఇది కియాంతి కాదు. అందుకని అన్నిటికంటె అడుగు తరగతి అయిన "బల్ల వైను" అన్న పేరుతో అమ్మాడు. అంతకుముందే సముద్రపుటొడ్డున బోల్గెరి దగ్గర మారియో ఇంచీజా అనే ఆయన కాబెర్నేలతో చేసిన సస్సికాయ 1968 పంట నుంచి బజారుకు వచ్చింది. అదీ బల్ల వైనే. 1978లో లండన్‌లో ఒక పత్రిక పెట్టిన పోటీలో ఫ్రెంచివాళ్ల వైన్లను తోసిరాజని ఇదే గెలిచింది. ఒక దేశంలో అన్నిటికంటె ఖరీదైన వైన్లు చట్టం ప్రకారం అన్నిటికంటె తక్కువ తరగతివి కావడం అనే విడ్డూరం ఇటలీలో ఇరవయ్యేళ్లు నడిచింది. చివరికి 1992లో గోరియా అనే మంత్రి పేరుమీద వచ్చిన చట్టంతో వీటికి కూర్చోవడానికి మధ్యలో ఒక పీట వేశారు.

ఇక్కడ మన ప్యూరువాదులు చంకలు కొట్టుకుంటారు. "చూశారా, కలపడం వల్లే కియాంతి చెడింది!" అని. కాదయ్యా బాబూ. బలవంతాన కలిపించడం వల్ల చెడింది. అదే చట్టం ఇంకో ఘనకార్యం కూడా చేసింది. సెర్జో మనెత్తి అనే ఆయన 1977లో ఒక్క సాంజోవేసేతోనే, ఇంకేమీ కలపకుండా వైను చేశాడు. ఆయనా కియాంతి అని రాసుకోవడానికి వీల్లేకపోయింది. సంఘానికి ఓ దణ్ణం పెట్టి 1981లో బయటికి నడిచాడు. అంటే కలిపినవాడూ దోషే, కలపనివాడూ దోషే! వంట తెలియనివాడు వంటింటికి నిబంధనలు రాస్తే ఇలాగే ఉంటుంది. ఒక్క సాంజోవేసేతో కియాంతి క్లాసికో చేసుకోవచ్చని ఒప్పుకోవడానికి 1996 దాకా పట్టింది. తెల్లద్రాక్షను దాంట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టింది 2006లో.

పోనీ, ప్యూరంటే ఏమిటో వాళ్లనే చెప్పమనండి. వాళ్లు దైవంలా కొలిచే కాబెర్నే సావిన్యో ఉందే, దాని పుట్టుపూర్వోత్తరాలు 1997లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. తల్లిదండ్రులిద్దరిలో ఒకటి ఎర్రద్రాక్ష కాబెర్నే ఫ్రాం, రెండోది తెల్లద్రాక్ష సావిన్యో బ్లాం! పేరులోనే ఇంటిపేర్లు రెండూ పెట్టుకుని తిరుగుతున్నా ఇన్ని వందల ఏళ్లు ఎవరూ పోల్చుకోలేదు. ఎర్రదనానికే ఆదర్శంగా చూపే ద్రాక్షలో సగం రక్తం తెల్లది.

అంతదూరం ఎందుకు, పీడ్‌మాంట్‌లో బరోలో ఉంది. నెబ్బియోలో అనే ఒకే ఒక ద్రాక్షతో చేయాలి. ఇంకోటి చుక్క కలపరాదు. ముప్ఫైఎనిమిది నెలలు ఆగాలి, అందులో పద్దెనిమిది నెలలు కొయ్యపీపాల్లో. రంగు చూస్తే తేలిక, నోట్లో పోసుకుంటే పిడికిలి బిగించి గుద్దినంత వగరు. ప్యూరువాదులకు ఇదే తిరుపతి. సరే, ఆ తిరుపతిలో అందరూ చేతులెత్తి మొక్కిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, బార్తోలో మస్కరెల్లో. 2005లో పోయాడు. చిన్న పీపాల ఫ్యాషన్‌ను వెక్కిరిస్తూ చీటీల మీద తన చేత్తో బొమ్మలు గీసి, "బర్రీకూ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని ప్రధానమంత్రినే ఎక్కించిన మొండిఘటం. బర్రీకంటే రెండువందల పాతిక లీటర్ల ఫ్రెంచి పీపా లెండి. కొత్త కొయ్య వాసన అంటించి వైనును నున్నగా చేస్తుంది. ఇంతకీ ఈ పెద్దాయన ఏం చేసేవాడు? తనకున్న నాలుగు తోటల పండ్లనూ కలిపి ఒకే బరోలో చేసేవాడు. ఊళ్లో మిగతావాళ్లందరూ ఒక్కో కొండ పేరుతో ఒక్కో సీసా అమ్మి డబ్బు చేసుకుంటుంటే, తాతలనాటి పద్ధతిలో ఒక కొండ బలాన్ని ఇంకో కొండ సువాసనతో సరిచేయడమే తన పని అని కూర్చున్నాడు. ద్రాక్ష ఒకటే అయినా తోటలు నాలుగు. ఇది కలపడం కాదా? కల్తీయా మరి?

ఇంకొక రహస్యం చెబుతాను, ఆ హోటలు కుర్రాడికి చెప్పకండి. ఐరోపా చట్టం ప్రకారం సీసామీద ఒక ద్రాక్ష పేరు వేయాలంటే అందులో అది నూటికి ఎనభైఅయిదుపాళ్లు ఉంటే చాలు. ఒక్కొక్క ఊరి వైనుకు అంతకంటె గట్టి నిబంధన ఉంటే తప్ప, మిగిలిన పదిహేనుపాళ్లూ మరేదైనా కావచ్చు. "సింగిల్ గ్రేప్ సార్" అంటే అర్థం అప్పుడప్పుడు ఇదన్నమాట.

పేర్ల సంగతి ఎత్తితే ఇటలీవాళ్లు మనల్ని పిచ్చివాళ్లను చేస్తారు. మోంతెపుల్చానో అనేది అబ్రూత్సో ప్రాంతంలో ఒక ద్రాక్ష పేరు, టస్కనీలో ఒక ఊరి పేరు. ఆ ఊరి వైనులో ముఖ్యమైనది ఆ ద్రాక్ష కాదు, సాంజోవేసే! దాన్ని ఆ ఊళ్లో ఇంకో పేరుతో పిలుస్తారు. ఐదువందలకు పైగా ద్రాక్షరకాలు రిజిస్టరులో ఉన్న దేశం. ఇంత సంపద ఉన్నవాళ్లు ఒకదానితో ఒకటి కలపకుండా ఎలా ఉంటారు?

కలిపితే ఎంత అందమో చూడాలంటే సిసిలీకి వెళ్లాలి. అక్కడ వితోరియా అనే ఊరి చుట్టూ నేరో దావోలా, ఫ్రప్పాతో అని రెండు ద్రాక్షలు. మొదటిది నల్లగా బరువుగా ఉంటుంది. రెండోది పలచగా, పూలవాసనతో ఎగిరిపోతున్నట్టుంటుంది. సగంసగం, కొంచెం అటో ఇటో కలిపితే చెరసువోలో అవుతుంది. దేనికదే విడిగా పుచ్చుకుంటే మొదటిది మోటు, రెండోది గాలి. ఆ దీవి మొత్తానికి ఇటలీవారి అత్యున్నత తరగతి గుర్తింపు ఉన్నది దీనికొక్కదానికే. 2005లో ఇచ్చారు. అలాగే వెరోనా దగ్గర వల్పొలిచెల్లాలో కొర్వీనా, రొండినెల్లా వగైరా ద్రాక్షలను కోసి, మూడునాలుగు నెలలు అటకలమీద ఆరబెట్టి, తూకంలో మూడోవంతు దాకా పోయాక పిండి అమరోనే చేస్తారు. పేరుకు అర్థం చేదు. ఎండుద్రాక్ష బరువూ, చివర్న ఓ చేదూ. ఒక్క ద్రాక్షతో ఇది కుదిరేది కాదని అక్కడి ముసలివాళ్లకు తెలుసు.

అయితే నేను కలిపే ప్రతివాడికీ వకాల్తా పుచ్చుకోవడం లేదు సుమండీ. ఇప్పుడు కల్తీ సంగతి.

1986 మార్చిలో ఉత్తర ఇటలీలో జనం పిట్టల్లా రాలిపోయారు. ఇరవైమందికి పైగా చచ్చిపోయారు, ఇంకొందరికి చూపు పోయింది. చవక వైనులో ఆల్కహాలు పాలు పెంచి చూపడానికి మిథనాల్ పోశారు. మన దేశంలో ఏటా ఎక్కడో ఒకచోట కల్తీసారా తాగి పేదవాళ్లు చచ్చిపోయినప్పుడు ఎక్కువగా వినబడేది ఈ విషం పేరే కనక మనకు ఇది వివరించక్కరలేదు. అక్కడా తాగింది పేదవాళ్లూ మధ్యతరగతివాళ్లే. సస్సికాయ తాగేవాడెవడూ ఆ నెల కళ్లు పోగొట్టుకోలేదు. ఇది కల్తీ. దీనికి ఉరిశిక్ష వేయమన్నా నేను సంతకం పెడతాను.

ఇంకోటి 2008లో బయటపడింది. మోంతాల్చీనో ఊళ్లో చేసే బ్రునెల్లోలో సాంజోవేసే తప్ప ఇంకేదీ ఉండరాదని నిబంధన. కొందరు గుట్టుచప్పుడు కాకుండా వేరే ద్రాక్షలు కలిపారన్న అనుమానంతో ప్రభుత్వం విచారణకు దిగింది. లక్షలాది సీసాలు సీలుపడ్డాయి. అమెరికావాళ్లు పరీక్షాపత్రం లేనిదే దిగుమతికి వీల్లేదన్నారు. కొందరు తమ సరుకును బ్రునెల్లో పేరు తీసేసి కింది తరగతిలో అమ్ముకున్నారు. ఇందులో ఎవరూ చావలేదు. రుచి కూడా చెడి ఉండకపోవచ్చు, కొందరికి బాగుండి కూడా ఉండవచ్చు. అయినా నా లెక్కలో అదీ కల్తీయే. మెర్లో కలిపినందుకు కాదు. కలిపి, కలపలేదని చీటీమీద రాసినందుకు. ఆ ఏడాదే ఆ ఊరి నిర్మాతలు ఓట్లు వేసుకుని, బ్రహ్మాండమైన మెజారిటీతో సాంజోవేసే ఒక్కటే ఉండాలని మళ్లీ తీర్మానించారు. వాళ్ల ఊరు, వాళ్ల మాట. మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి.

అసలు మెర్లో ఎందుకు కలుపుతారంటారా? వగరు చంపడానికి. పులుపు కప్పెట్టడానికి. అమెరికాలో ఒక విమర్శకుడు 1978 నుంచి వైన్లకు నూటికి ఇన్ని మార్కులని పరీక్షపేపర్లు దిద్దినట్టు దిద్దడం మొదలుపెట్టాడు. ఆ మార్కులనుబట్టి ధరలు పలికాయి. నల్లగా, చిక్కగా, మెత్తగా, తియ్యటి కొయ్యవాసనతో ఉంటే మార్కులు బాగా పడతాయని ఎరిగినవాళ్లు తమ వైనును అలాగే చేయడం మొదలెట్టారు. నాకు కాబెర్నే మీద పగ లేదు. టస్కనీలోనే కర్మిన్యానో అనే ఊళ్లో దాన్ని "ఫ్రెంచి ద్రాక్ష" అని పిలుచుకుంటూ తరాల నుంచి కొద్దిగా కలుపుతున్నారు, అది ఆ ఊరి ఆచారమైపోయింది. కాని ఏ దేశంలో తాగినా ఒకటే రుచి రావాలని కలిపే కలపడం మాత్రం నాకు గిట్టదు. అది పులుసులో బెల్లం వేయడం కాదు, పులుసంతా తీసేసి పానకం పోయడం. కియాంతి క్లాసికో సంఘంవారే 2021లో తమ అగ్రతరగతి వైనులో సాంజోవేసే నూటికి తొంభైపాళ్లు ఉండాలనీ, తక్కిన పదీ దేశవాళీ ద్రాక్షలే కావాలనీ తీర్మానం చేశారు. నా వ్యాసం చదివి చేయలేదు లెండి. అయినా నాకు సంతోషంగానే ఉంది.

ఈ గొడవంతటిలో ఎవరూ ఎత్తని పేరు ఒకటుంది, దక్షిణాది రైతు. పూలియాలో ఎండలు మండుతాయి. ద్రాక్ష తియ్యగా పండి వైను చిక్కగా, ఘాటుగా వస్తుంది. దీన్ని పీపాలకెత్తి, టాంకర్లకెత్తి ఉత్తరాదికి పంపేవాళ్లు. అక్కడి పలచని వైన్లకు బలం పోయడానికి. పంతొమ్మిదో శతాబ్దం చివర ఫ్రాన్సు తోటలను పురుగు తినేసినప్పుడు ఓడలకెత్తి ఫ్రాన్సుకూ పంపారు. ఇలాంటి వైనుకు ఇటలీభాషలో "తాల్యో వైను" అని పేరు. తాల్యో అంటే కోత. ప్రిమితీవో, నెగ్రొఅమారో వంటి ఘనమైన ద్రాక్షలు ఇలా దశాబ్దాల తరబడి ఇంకొకరి సీసాలో, ఇంకొకరి పేరుతో బతికాయి. ప్యూరని చప్పరిస్తూ తాగిన ఎన్ని ఉత్తరాది వైన్లలో ఈ పూలియావాడి చెమట ఉందో దేవుడికెరుక. ఆ రైతుకు దక్కింది లీటరుకు ఇంతని కూలిరేటు. ఆ వైను ఉత్తరాది సీసాలో కలిసినందుకు నాకు బాధ లేదు. ఆ సీసామీద వాడి ఊరిపేరు లేనందుకు మాత్రం నా కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు అదే పూలియాలో నెగ్రొఅమారోకు కాస్త నల్ల మాల్వాజియా కలిపి సలీచే సలెంతీనో అని తమ ఊరిపేరుతోనే అమ్ముకుంటున్నారు. 1976 నుంచి దానికి చట్టబద్ధమైన గుర్తింపు ఉంది. అదీ కలిపిందే. కాని తలెత్తుకు నిలబడింది.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. మన కాఫీపొడి పొట్లం తీసి చూడండి. చికోరీ కలిపితే ఎంతశాతం కలిపారో పొట్లంమీద అచ్చువేయాలని మన దేశంలో చట్టం ఉంది. చికోరీ సగానికి మించడానికి వీల్లేదు కూడా. చికోరీ కలిసిన కాఫీ తాగి మన తాతలెవరూ కులం చెడలేదు. ఎంత కలిసిందో తెలుసుకుని, ఇష్టమైతే తాగారు. లేదంటే ప్యూర్ పొడి మరపట్టించుకున్నారు. వేలరూపాయలు పెట్టి కొనే ఇటలీ వైను సీసామీద ఆపాటి సమాచారం వేయడానికి చోటు లేదా? కొందరు మంచివాళ్లు వెనకచీటీమీద వేస్తూనే ఉన్నారు, సాంజోవేసే ఇంత, కనాయోలో ఇంత అని. అందరిచేతా వేయించండి. ఊరిపేరు, ద్రాక్షపేరు, పాలు. ఆ హోటలు కుర్రాడు అప్పుడు సీసా వెనక్కి తిప్పి అవి చదివి చెప్పాలి. పక్కన తినడానికి ఏం తెమ్మంటారని కూడా అడగాలి.